పడవలో లేవకూడదు

మా లంకలో పుట్టిన పిల్లలకు ఎవరూ పనిగట్టుకుని నేర్పకుండానే వచ్చేసే విద్య ఒకటుంది. పడవలో లేవకూడదు. రేవులో తల్లి చంక దిగి పడవ అడుగున చతికిలబడ్డ పిల్ల, పడవ అవతలి ఒడ్డు తాకేదాకా కదలదు. చుట్టూ గోదావరి ఉన్న ఊళ్ళో నడక కంటే ముందు అదే వస్తుంది. నేను మెట్టప్రాంతం దాన్ని, పెద్దాపురం వైపు పుట్టి పెరిగాను. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఓసారి పడవలో చీర కుచ్చిళ్ళు తడుస్తున్నాయని లేచి నిలబడ్డాను. నా మోకాలంత కూడా లేని పిల్లాడొకడు "కూర్చోండి అత్తా, పడవలో లేవకూడదు" అన్నాడు. పడవంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కర్లేదని ఈపాటికి మా ఊళ్ళో అందరికీ తెలుసు.

అలాంటి ఊళ్ళో పుట్టి కూడా మా అమ్మాయికి పదేళ్ళు దాటేదాకా ఆ విద్య రాలేదు. ఎందుకు రాలేదో చెప్పాలంటే దాని పుట్టుక దగ్గర మొదలుపెట్టాలి.

వరదల రోజుల్లో నాకు నొప్పులొచ్చాయి. గోదావరి ఎర్రగా, ఒడ్డులొరుసుకుని పోతోంది. తెల్లవారుతూనే పడవ కట్టించారు. ప్రవాహానికి ఎదురు వెళ్ళలేక పడవ బాగా కిందికి కొట్టుకుపోయి, ఎక్కడో అరటితోటల దగ్గర ఒడ్డు పట్టుకుంది. అక్కణ్ణించి ఆటోలో పాలకొల్లు ఆసుపత్రికి. కాన్పు చాలాసేపు కష్టమైంది. బిడ్డ మెడకు పేగు చుట్టుకుందన్నారు. బయటికొచ్చిన పిల్ల నీలంగా ఉంది, ఏడవలేదు. నేను ఆ ఏడుపు కోసం చెవులు రిక్కించి పడుకున్నాను. నర్సమ్మల అడుగుల చప్పుడు, ఏదో మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చాలాసేపటికి పిల్లి కూనలాగా ఒక్క మూలుగు వినపడింది. ఆ మూలుగు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

పిల్లని అప్పటికప్పుడు అంబులెన్సులో రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడ అద్దాల పెట్టెలో పెట్టారు. ఫిట్స్ వచ్చాయి, మందులతో తగ్గాయి. మా ఆయన ఆ పెట్టె పక్కన నిలబడి పిల్ల వేలు పట్టుకునేవాడు. ఏమైనా చెప్పవయ్యా అని నేను ఫోనులో అడిగితే "ఊపిరి తీసుకుంటోంది" అనేవాడు, అంతే. ఆ మాట చాలు అనిపించేది.

పిల్లని ఇంటికి తెచ్చిన రోజున మా అత్తగారు ఒక పని చేసింది. పసుపు, కుంకుమ, రవికల గుడ్డ, కొబ్బరికాయ పట్టుకుని రేవులోకి దిగి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గోదారితో ఒప్పందం చేసుకుంది. "ఒకసారి దీని జోలికి వచ్చావు, సరిపోయింది. ఇంక నువ్వు రాకు. నేను కూడా దీన్ని నీ మీదకి తీసుకురాను" అని గట్టిగా, పక్కింటి మనిషితో హద్దు తగాదా తేల్చుకున్నట్టు చెప్పింది. పిల్లకి ఊపిరి ఆడకపోవటానికి పేగు కారణమని డాక్టర్లు చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. పడవ దారి తప్పటమే కారణమంది. ఆవిడ లెక్కలో తప్పు నది దగ్గరుంది.

లంకలో ఉండి నది దాటకుండా ఎలా అంటారా. సంక్రాంతి దాటాక నీళ్ళు తగ్గి పాయ సన్నబడుతుంది. దాని మీద తూములేసి గ్రావెలు పోసి బాట వేస్తారు. మళ్ళీ వరద వచ్చి ఆ బాట కొట్టుకుపోయేదాకా బళ్ళూ ఆటోలూ దాని మీదే తిరుగుతాయి. మా అమ్మాయి ఆ బాట ఉన్నన్నాళ్ళే ఊరు దాటేది. డాక్టరు దగ్గరికైనా, చుట్టాలింటికైనా, పాలకొల్లు గుడికైనా ఆ నెలల్లోనే. బాట పోయాక రేవు వైపు కూడా పోనిచ్చేవాళ్ళం కాదు. నీళ్ళు కనపడితే పరుగెత్తుకుపోయే పిల్ల అది, మాకూ భయమే. కాబట్టి అత్తగారి ఒప్పందానికి నేనూ అడ్డు చెప్పలేదు. అలా లంకలో పుట్టిన పిల్ల పడవ ఎక్కకుండానే పెరిగింది.

మొదట్లో అన్నీ ఆలస్యంగానే అయినా అయ్యాయి. కూర్చుంది, నిలబడింది, నడిచింది, మాట్లాడింది. నడిచిన రోజు మా ఆయన ఊరంతా అరటిపళ్ళు పంచాడు. గండం గడిచిపోయిందనుకున్నాం. గండం నడకలో లేదు, ఆగటంలో ఉందని తర్వాత తెలిసింది.

ఆగటం దానికి చేతకాదు. పొయ్యి మీద పాలగిన్నె కనపడితే చెయ్యి పెట్టేది, కాలిందని ఏడ్చి మళ్ళీ పెట్టేది. అడిగిందే అడిగేది, జవాబు చెప్పినా అడిగేది. పెళ్ళి భోజనాల్లో పక్కవాళ్ళ విస్తరి లాగేసేది. బ్యాండు మేళం మోగితే చెవులు మూసుకుని కింద పడి దొర్లేది. కోపం వస్తే ఎదుటివాళ్ళ చెయ్యి కొరికేది, ఎవరూ దొరక్కపోతే తన చెయ్యే కొరుక్కునేది. గంట తర్వాత ఏమీ జరగనట్టు వచ్చి ఒళ్ళో కూర్చుని, నా చెవి తమ్మె నిమురుతూ కబుర్లు చెప్పేది. మంచి పిల్ల. ఈ మాట తల్లిని కాబట్టి చెప్పటం లేదు. ఎవరైనా ఏడుస్తుంటే చూసి ఓర్చుకునేది కాదు, తన చేతిలో తినేదాన్ని తీసుకెళ్ళి వాళ్ళ నోట్లో కుక్కేసేది.

"గారాబం ఎక్కువైంది" అనేవాళ్ళు ఊళ్ళో. "రెండు తగిలిస్తే దార్లోకి వత్తాది" అనేవాళ్ళు. తగిలించాను కూడా, ఎందుకు దాచటం. తగిలించిన రోజు ఇంకా పేట్రేగిపోయేది. అన్నవాళ్ళందరితో నేను పోట్లాడేదాన్ని. ఇలా పోట్లాడి మాట్లాడుకోని ఇళ్ళు మా వీధిలో ఎన్నయ్యాయో, పేరంటానికి పిలవాల్సి వచ్చినప్పుడు బొట్టు భరిణె పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కాలో తేలక నిలబడిపోయేదాన్ని.

బడి వయసొచ్చాక ఓ ఎండాకాలం, బాట ఉండగా, రాజమండ్రిలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ పిల్లతో చాలాసేపు ఆడింది, బొమ్మలిచ్చింది, గీతలు గీయించింది. ఆ తర్వాత మాతో మాట్లాడింది.

"పుట్టినప్పుడు కాసేపు మెదడుకి ఆక్సిజన్ అందలేదు కదమ్మా. కొంతమందికి ఆ దెబ్బ కాళ్ళలో చేతుల్లో కనపడుతుంది. కొంతమందికి అసలేమీ మిగలదు. మీ అమ్మాయిలాంటి కొంతమందికి నడకా మాటా వచ్చేశాక, ఇదిగో ఈ వయసులో, ప్రవర్తనలో బయటపడుతుంది. ఆగటం, ఒకదాని మీద మనసు పెట్టటం, కోపం ఆపుకోవటం, ఇవన్నీ మెదడు చేసే పనులేనండి. ఆ పనులు తనకి కష్టం. మొండితనం కాదు, గారాబం కూడా కాదు."

"తగ్గుతుందాండీ?" అన్నాను.

"జ్వరం తగ్గినట్టు తగ్గదమ్మా. నేర్చుకుంటుంది. వేరే పిల్లలకి ఊరికే వచ్చేవి తనకి ఓపిగ్గా నేర్పాలి. నేర్పితే వస్తాయి."

అది విని నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు. ఇన్నేళ్ళుగా ఊరంతా ఒక మాట అంటుంటే, ఒక్క మనిషి నోట 'గారాబం కాదు' అన్న మాట విన్నాను. అక్కడే కూర్చుని ఏడ్చేశాను.

నేను కళ్ళు తుడుచుకున్నాక ఆవిడ, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా తొందరా, కోపం ఎక్కువా అండీ?" అని అడిగింది. మా ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

"పైకి చూస్తారేంటి? చెప్పండి, నాకే అని చెప్పండి" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయినట్టుంది, బయట వరసలో కూర్చున్నవాళ్ళు తొంగి చూశారు. డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ ఏదో రాసుకుంది. ఎంత పుట్టుకలో వచ్చిందో, ఎంత నా దగ్గర్నించి వచ్చిందో విడదీసి చెప్పటం కష్టమంది. తిరుగు ప్రయాణంలో నేను మా ఆయనతో మాట్లాడలేదు.

ఆ డాక్టరమ్మ చెప్పినవాటిలో నాకు బాగా పనికొచ్చింది ఒకటే. పిల్లకి 'వద్దు' అని చెప్పకండి, ఏం చేయాలో చెప్పండి అంది. 'పరుగెత్తకు' అంటే దాని చెవికి 'పరుగెత్తు' ఒక్కటే అందుతుందట. 'నా చెయ్యి పట్టుకో' అనాలట. వినటానికి చిన్న విషయం. చేసి చూడండి తెలుస్తుంది. మా ఇంట్లో రోజంతా వద్దు, చెయ్యకు, ముట్టుకోకు తప్ప వేరే మాట లేదని అప్పుడర్థమైంది. నోరు తిప్పుకోవటానికి నాకే చాలా కాలం పట్టింది. మా అత్తగారికైతే ఇప్పటికీ రాలేదు.

ఊళ్ళో బడి అయిదో తరగతి దాకానే. అక్కడి మేష్టారు మంచాయన. పిల్ల కుదురుగా లేనప్పుడు సుద్దముక్కలు తెమ్మనో, కుండలో నీళ్ళు పట్టమనో పంపేవాడు. తిరిగొచ్చి కాసేపు రాసుకునేది. అలా చదవటం వచ్చింది, కూడికలొచ్చాయి. పాఠం వినేది కాదనుకునేవాళ్ళం గానీ, ఇంటికొచ్చి వాళ్ళ నానమ్మకి అదే పాఠం చెప్పేది.

అయిదు అయిపోయింది. హైస్కూలు గోదారి అవతల ఉంది.

పాలకొల్లులో మా అక్క ఉంది. వాళ్ళింట్లో ఉంచి చదివిద్దామని ఆ వేసవిలో పంపి చూశాం. వారం తిరక్కుండా అక్క ఫోను చేసి, మాటలు నమిలి నమిలి, "పిల్ల నీ మీద బెంగ పెట్టుకుందే" అంది. బెంగ ఎవరికో నాకు తెలుసు. వెళ్ళి తెచ్చుకున్నాం. హాస్టలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇక మిగిలింది రోజూ వెళ్ళి రావటమే. ఆరో తరగతిలో చేర్చాం. బాట ఉన్నన్నాళ్ళు వాళ్ళ నాన్న బండి వెనక కూర్చోబెట్టుకుని దించి వచ్చేవాడు. కొత్త బడిలో ముందు వారం ఒకమ్మాయిని కొరికింది. తర్వాత అదే అమ్మాయితో జట్టు కట్టింది. దానికి జట్టు అనేది దొరకటం అదే మొదలు. ఇంటికొచ్చి ఆ పిల్ల జడ గురించి, ఆ పిల్ల టిఫిన్ బాక్సు గురించి ఒకటే చెప్పేది. నేను పప్పు మాడిపోయినా వింటూ కూర్చునేదాన్ని.

తొలివరద వచ్చింది. బాట కొట్టుకుపోయింది. రేవులో పడవ తిరగటం మొదలైంది.

ఆ మర్నాడు నేనూ వాళ్ళ నాన్నా చెరోవైపు పట్టుకుని దాన్ని పడవ ఎక్కించాం. మా అత్తగారు రేవు దాకా కూడా రాలేదు, తలుపేసుకుని లోపల కూర్చుంది. పడవ నిండా పాలక్యాన్లు, అరటిగెలలు, రెండు మోటారుసైకిళ్ళు, బడిపిల్లలు, పనులకెళ్ళే ఆడవాళ్ళు ఉన్నారు. ఇంజను మోగగానే పిల్ల చెవులు మూసుకుంది. నడి గోదారిలోకి వెళ్ళాక చెవులు వదిలేసి లేచింది. ఎందుకు లేచిందంటే, నీళ్ళు. పదేళ్ళుగా దూరం నుంచి చూస్తున్న నీళ్ళు అంత దగ్గరగా, అన్ని వైపులా. "లేవకు! లేవకు!" అని నేను అరిచాను. పడవంతా అరిచింది. అది అంచు వైపు దూకింది. పడవ ఒరిగి పాలక్యాను దొర్లింది, ఎవరో ముసలావిడ దేవుణ్ణి పిలిచింది. వాళ్ళ నాన్న నడుం పట్టుకుని కిందకి లాగి, మీద పడుకున్నట్టుగా అదిమిపెట్టాడు. అవతలి ఒడ్డు దాకా ఆ పిల్ల పెట్టిన కేకలకి కొంగలు లేచిపోయాయి.

పడవ నడిపే ఆయన మాకు వరసకు బాబాయి. ఒడ్డు చేరాక నా వంక చూడకుండా ఇంజను వంక చూస్తూ చెప్పాడు.

"కోప్పడకండమ్మా. ఇప్పుడు వెనక్కి దింపేస్తాను, ఇంక ఎక్కించనండి. నాకూ ఆడపిల్లలున్నారు. బోల్డు మంది ప్రాణాలు నా చేతిలో ఉన్నాయి."

కోప్పడటానికి నోరు తెరిచాను. ఆయన అన్నదాంట్లో తప్పేం కనపడలేదు. అలా తెరిచిన నోరు మూసుకోవటం నా జీవితంలో అదే మొదటిసారి అనుకుంటాను.

మర్నాటి నుంచి పిల్ల ఇంట్లో ఉంది. పొద్దున్నే లేచి, తనే యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, గేటు దగ్గర నిలబడేది. "బడికెళ్దాం" అనేది. రేపు అనేదాన్ని. మర్నాడు మళ్ళీ. దానికి రేపు అంటే రేపే. వానాకాలం అయ్యేదాకా ఇంట్లో ఉంటే ఆ జట్టు పిల్ల దీన్ని మరిచిపోతుంది, ఇది అక్షరాలు మరిచిపోతుంది, సంక్రాంతికి బాట పడేసరికి బడి అంటేనే మొరాయిస్తుంది. ఇప్పుడు చేయి జారితే ఇక బడి లేదు. ఆ సంగతి నాకూ తెలుసు, వాళ్ళ నాన్నకీ తెలుసు.

గేటు దగ్గర యూనిఫాంలో నిలబడ్డ పిల్లని చూసి, ఒకరోజు నేను అత్తగారి మీద విరుచుకుపడ్డాను. "నీళ్ళలో మొలిచిన ఊళ్ళో పిల్లకి పడవ నేర్పకుండా పెంచాం. ఎక్కడైనా ఉందా ఇలాంటిది?" అన్నాను. ఆ సాయంత్రం ఆవిడ పసుపు కుంకాలు, రవికల గుడ్డ తీసుకుని రేవుకి బయల్దేరింది. నేనూ వెనకే వెళ్ళాను, వరద నీళ్ళు కదా, కాలు జారుతుందేమోనని.

"అప్పుడేదో కోపంలో అన్నాను" అంటోంది గోదారితో. "నీ తప్పు ఉందో లేదో నాకు తెలీదు. పిల్ల బడికెళ్ళాలి. నీ మీంచి తప్ప దారి లేదు. నా మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు మాత్రం నీ మాట మీద ఉండు, దాని జోలికి రాకు." అలా తన సగం రద్దు చేసుకుని గోదారి సగం ఉంచేసి, కొబ్బరికాయ కొట్టి, నా చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. గట్టెక్కాక కూడా ఆ పట్టు వదల్లేదు. అంత భయపడే మనిషని నాకు ఆ రోజే తెలిసింది.

రేవు పక్కన గట్టు మీద ఒక పాత పడవ ఉంది. సందుల్లో పీచు కూరి తారు పూస్తామని లాగి పెట్టి, అలాగే వదిలేశారు. మర్నాటి నుంచి నేనూ పిల్లా ఆ పడవలోకి చేరాం. నేల మీదున్న పడవలో రోజూ కూర్చోవటం మొదలుపెట్టాం. చూసినవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీ. 'లేవకు' అనే మాట నోటికి రాకుండా పళ్ళు బిగపట్టాను. "కూర్చుని చూడు" అన్నాను. లేస్తే ఆట అయిపోయినట్టు, దిగిపోయి మళ్ళీ ఎక్కేవాళ్ళం. అరవాలనిపిస్తే "కూర్చుని అరుచుకో" అన్నాను. ఏడవాలనిపిస్తే "కూర్చుని ఏడు". ఏమైనా చేసుకో తల్లీ, కూర్చుని చేసుకో. దానికి ఆ మాట నచ్చింది, పాటలాగా పట్టుకుంది. ఇంట్లో కూడా "కూర్చుని తాగు", "కూర్చుని తిట్టు" అని వాళ్ళ నానమ్మకి చెప్పేది.

లైఫ్ జాకెట్టు ఇంకో గొడవ. గుచ్చుకుంటోందని విసిరేసేది. వాళ్ళ నాన్న ఒకటి ఇంటికి తెచ్చాడు. పాత మెత్తటి లుంగీ గుడ్డ లోపలివైపు కుట్టాను. అన్నం తినేటప్పుడు వేసుకుంటేనే అప్పడం అన్నాను. ఆ నారింజరంగు జాకెట్టు తొడుక్కుని అన్నం తినేది, కోళ్ళకి నూకలు వేసేది, టీవీ చూసేది. పోస్టు తెచ్చినాయన గుమ్మంలో నిలబడి "ఏంటండీ, వరద ఇంట్లోకి వచ్చేసిందా?" అన్నాడు. నేను కూడా నవ్వాను.

అయినా కాసేపే. పడవలో కూర్చున్న కాసేపటికి చేతులు ఊరుకోవు, చేతులు ఊరుకోకపోతే కాళ్ళు లేస్తాయి. అక్కడే ఆగిపోయాం. ఒకరోజు పెద్ద వాన పడి పాత పడవలో నీళ్ళు నిలిచాయి. సగానికి కోసిన నూనె డబ్బా ఒకటి అందులో తేలుతోంది. పిల్ల దాన్ని పట్టుకుని నీళ్ళు తోడి బయటికి పోయటం మొదలుపెట్టింది. నేను ఏదో ఆలోచనలో పడి కాసేపు గమనించలేదు. గమనించేసరికి అడుగంటా తోడేసింది. అంతసేపూ లేవలేదు. లేస్తే నీళ్ళు అందవు కదా. నీళ్ళు ముట్టుకోవాలనే పిచ్చి తీరుతోంది, చేతికి పనుంది, పని ఉన్నచోటే ఒళ్ళూ కుదురుగా ఉంది. నేను బిందెలు బిందెలు నీళ్ళు మోసుకొచ్చి మళ్ళీ పడవలో పోశాను. అది మళ్ళీ తోడింది. ఆ రోజు నా నడుం విరిగింది గానీ, ఇంటికి ఎగురుకుంటూ వెళ్ళాను.

చెక్క పడవ ఏదైనా కాస్త నీళ్ళు ఊరుతూనే ఉంటుంది. రేవులో ఉన్న పడవలో కూడా ఎప్పుడూ అడుగున నీళ్ళుంటాయి, ఒడ్డు చేరాక ఎవరో ఒకరు తోడుతారు. నేను బాబాయి దగ్గరికెళ్ళాను. ఈసారి నెమ్మదిగా మాట్లాడాను, మా ఆయన పక్కన నిలబడి ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

"ఒక్కసారి చూడండి బాబాయిగారూ. మనుషులు లేనప్పుడు, మేం ముగ్గురం, మీరూ. ఒడ్డు వెంబడే. ఆ తర్వాత మీరెలా అంటే అలా."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "ఆయ్, సరేనండి" అన్నాడు.

మధ్యాహ్నం పూట ఖాళీ పడవలో ఎక్కాం. చెవులకు దూది పెట్టి, మీద స్కార్ఫు కట్టాను. ఇంజనుకు దూరంగా ముందువైపు, పడవ అడుగున కూర్చోబెట్టి డబ్బా చేతికిచ్చాను. తోడుతూనే ఉంది. ఒకసారి మోకాళ్ళ మీదికి లేవబోయింది. "కూర్చుని చూడు" అన్నాను. కూర్చుని చూసింది. బాబాయి తర్వాత కొన్నాళ్ళు అలాగే ఖాళీ పడవలో తిప్పాడు. ఒడ్డు వెంబడి నుంచి కాస్త లోపలికి, కాస్త కాస్తగా నడిమికి. ఓ పొద్దున బడి వేళకి ఆయనే మా గేటు దగ్గర ఆగి, యూనిఫాంలో నిలబడ్డ పిల్లతో "ఏమ్మా, పడవలో నీళ్ళు చాలా ఉన్నాయి, వస్తావా?" అన్నాడు. మా అత్తగారు లోపల్నించి వచ్చి ఆయనకి దణ్ణం పెట్టింది. నాకు ఆయన కాళ్ళ మీద పడాలనిపించింది. నేను అలాంటివి చేయలేను కాబట్టి, మా తోటలో మొదట కోసిన చక్కెరకేళి గెల ఆయనింటికి పంపాను.

అప్పట్నించి బడికెళ్తోంది. అన్నీ అయిపోయాయని చెప్పను. పరీక్ష రాస్తూ మధ్యలో లేచి నాలుగడుగులు తిరిగొస్తుంది, టీచర్లు ఒప్పుకున్నారు. చొక్కా చేతులు నమిలి నమిలి చిల్లులు పెడుతుంది. బడి వార్షికోత్సవానికి మైకులు పెడితే ఆ రోజు వెళ్ళలేదు. కొన్ని రోజులు పడవ ఎక్కనని రేవులో పడి దొర్లింది. ఆ రోజుల్లో వెనక్కి తెచ్చేశాను. కానీ జట్టు పిల్ల రోజూ అవతలి రేవులో దీనికోసం నిలబడుతోంది.

మొన్న కార్తీకమాసంలో జరిగింది చెప్పి ఆపేస్తాను. ఆ రోజు పడవలో పాలకొల్లు గుడికి వెళ్ళే జనం ఎక్కువ. మా ఊరికి చుట్టపుచూపుగా వచ్చిన ఒక పెద్దావిడ నా ఎదురుగా కూర్చుంది. మా అమ్మాయి అడుగున కూర్చుని, తనలో తను గొణుక్కుంటూ, తల అటూ ఇటూ ఊపుతూ నీళ్ళు తోడుకుంటోంది. ఆవిడ దాన్ని తేరిపార చూసి, పక్కనున్నామెతో నాకు వినపడేలా అంది.

"ఇలాంటి పిల్లల్ని ఇంట్లో ఉంచాలి గానీ, నీళ్ళ మీదకి తెస్తారాండీ? కన్నవాళ్ళకైనా బుద్ధుండొద్దూ?"

నాకు ఒళ్ళు మండింది. పాత పడవలో మోసిన బిందెలు, గేటు దగ్గర నిలబడ్డ యూనిఫాం, నా చెయ్యి వదలని అత్తగారి పట్టు అన్నీ ఒక్కసారి తలకెక్కాయి. "ఏమన్నారూ?" అంటూ లేచి నిలబడ్డాను. నడి గోదారిలో, నిండు పడవలో, కొంగు నడుముకి చుట్టి మరీ. పడవ ఒరిగింది. ఎవరో కెవ్వుమన్నారు. వెనక నుంచి బాబాయి "అమ్మా! అమ్మా!" అంటున్నాడు. నాకేమీ వినపడటం లేదు, వేలు చూపిస్తూ ఇంకో మాట అనబోతున్నాను.

నా చీర కుచ్చిళ్ళు ఎవరో పట్టుకుని కిందకి లాగారు. తడి చెయ్యి.

"కూర్చో అమ్మా" అంది మా అమ్మాయి. అరవలేదు, కంగారు పడలేదు. దానికి నేను చెప్పినట్టే, అదే గొంతుతో చెప్పింది. "కూర్చుని తిట్టు."

నేను కూర్చున్నాను. పడవ సర్దుకుంది. ఎవరూ నవ్వలేదు. ఆ పెద్దావిడ గోదారి వైపు చూస్తోంది. నాకు కోపం ఇంకా ఉంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, తిట్టాల్సిన మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. మా అమ్మాయి నా మొహంలోకి కాసేపు చూసింది. తన చేతిలోని డబ్బా నా చేతిలో పెట్టింది.

"ఇదిగో, తోడు" అంది. "కోపం పోయాక ఇచ్చెయ్యి."

అవతలి ఒడ్డు వచ్చేదాకా నీళ్ళు తోడుతూనే ఉన్నాను.